ఆ బంతి అతని పని కాదు

2015 జనవరి 18. సంక్రాంతి వెళ్ళిన ఆదివారం. సియాటిల్‌లో పొద్దున్నుంచీ ముసురు. బాథెల్‌లో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల వరంగల్ నుంచి వచ్చిన అన్నయ్యగారి ఇల్లు ఉండేది. మధ్యాహ్నం పన్నెండింటికి మ్యాచ్ అంటే పదకొండున్నరకే వాళ్ళ హాలు నిండిపోయింది. బల్ల మీద ఒక పళ్ళెంలో వదినగారు చేసిన సకినాలు, ఇంకో పళ్ళెంలో మా అమ్మ తెనాలి నుంచి మోసుకొచ్చిన అరిసెలు.

అంతకుముందు ఏడాది మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సీహాక్స్ సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది. డెన్వర్ మీద 43-8. ఆ దెబ్బకి ఫుట్‌బాల్ ఊసే పట్టనివాళ్ళు కూడా శుక్రవారం వస్తే ఆఫీసుకి నీలం చొక్కాలు వేసుకొచ్చేవారు. ఇళ్ళ ముందు '12' అంకె ఉన్న జెండాలు వెలిశాయి. మైదానంలో పదకొండుమంది ఆడితే అరిచే జనం పన్నెండో ఆటగాడన్నమాట. మా తెలుగువాళ్ళ ఇళ్ళ మీదా ఆ జెండాలు ఉండేవి. గుమ్మానికి మామిడాకు తోరణం, పక్కనే ఆ జెండా.

నాన్నగారు నవంబరులో వచ్చారు, ఆరు నెలలుందామని. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కబడ్డీయే ప్రాణం. క్రికెట్ పెడితే లేచి వెళ్ళిపోయే మనిషి. ప్రో కబడ్డీ మొదలైన మొదటి ఏడాది మాత్రం తెలుగు టైటాన్స్ మ్యాచ్ ఒక్కటీ వదల్లేదట. ఇక్కడికొచ్చాక చలికి బయటికి వెళ్ళలేక నాతోపాటు ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టారు. నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్ళలేకపోతే బంతి అవతలివాళ్ళది. ఇంతవరకే నేను చెప్పాను. మిగతాదంతా ఆయనే చూసి పట్టుకున్నారు. అందరం బంతి వెంట చూస్తుంటే ఆయన కాళ్ళు చూసేవారు. ఆట ఆగినప్పుడల్లా గీత అవతల నిలబడ్డ కోచ్ మొహం చూసేవారు.

ఆ రోజు ఎన్‌ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్, సెమీఫైనల్ లాంటిది. గ్రీన్ బే ప్యాకర్స్ మన సియాటిల్‌కి వచ్చింది. గెలిచినవాళ్ళు సూపర్ బౌల్‌కి వెళ్తారు.

మొదటి సగం మాకు నరకం. మా క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపిస్తూ బంతి విసిరే రసెల్ విల్సన్ విసిరిన బంతులు ప్యాకర్స్ చేతుల్లోకే వెళ్తున్నాయి. ప్యాకర్స్ మొదటి ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యనుంచి తన్నితే మూడు పాయింట్లు) తర్వాత కిక్ ఆఫ్ అందుకుని పరిగెడుతూ డగ్ బాల్డ్విన్ బంతి జారవిడిచాడు. అదీ వాళ్ళకే దొరికింది. అంతా అయ్యేసరికి 16-0. అన్నయ్యగారి చిన్నబ్బాయికి పదేళ్ళు. విల్సన్‌ది మూడో నంబరు జెర్సీ వేసుకుని సోఫా వెనక దాక్కున్నాడు, అక్కణ్ణుంచి లేవలేదు.

నాన్నగారు మాత్రం ఇంకేదో చూశారు. మొదటి క్వార్టర్లో ప్యాకర్స్ రెండుసార్లు గోల్ గీత ముందుదాకా వచ్చారు. గీతకి ఒక్క గజం దూరం. నాలుగో అవకాశం చేతిలో ఉంది. తోసుకుంటూ లోపలికి వెళ్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, మీద తన్నే కిక్కుకి ఇంకొకటి. రెండుసార్లూ వాళ్ళ కోచ్ మైక్ మెకార్తీ ఫీల్డ్ గోల్ కొట్టించి మూడేసి పాయింట్లతో సరిపెట్టుకున్నాడు. మేసన్ క్రాస్బీ రెండూ కొట్టాడు, 18 గజాలది ఒకటి, 19 గజాలది ఒకటి.

"ఒక్క గజం రా. అంతదాకా వచ్చి ఆగాడెందుకు?" అన్నారు నాన్నగారు.

"పరాయి ఊళ్ళో ఆట కదా బాబాయ్, వచ్చిన పాయింట్లు వదులుకోవద్దని" అన్నాడు అన్నయ్య.

నాన్నగారు ఇంకేం మాట్లాడలేదు. అరిసె తుంచి నోట్లో వేసుకున్నారు.

మూడో క్వార్టర్లో మా ప్రాణం లేచొచ్చింది, అదీ స్పెషల్ టీమ్స్ చేతుల మీదుగా. ఆటలో తన్నుడు వచ్చినప్పుడల్లా మైదానంలోకి దిగే బృందాన్ని అలా అంటారు. ఇద్దరు ముగ్గురు తన్నేవాళ్ళు, మిగతావాళ్ళలో చాలామంది అటు దాడిలోనూ ఇటు రక్షణలోనూ చోటు పూర్తిగా దొరకని కుర్రాళ్ళు. టీవీలో వాళ్ళ పేర్లు వినబడేది తప్పు చేసినప్పుడే. నాకది అన్యాయంగానే తోస్తుంది, అప్పుడూ ఇప్పుడూ.

సియాటిల్ ఫీల్డ్ గోల్‌కి నిలబడింది. పంట్లు కొట్టే, అంటే బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి అప్పగించే జాన్ రయన్ మోకాలి మీద కూర్చుని బంతి పట్టుకోవాలి, కిక్కర్ తన్నాలి. బంతి చేతికి రాగానే రయన్ లేచి ఎడమవైపు పరుగందుకున్నాడు. ప్యాకర్స్ కుర్రాడొకడు అతని మీదికి వచ్చాడు. రయన్ గాల్లోకి లేపాడు. అవతల ఒంటరిగా నిలబడి ఉన్నది గ్యారీ గిలియమ్, మూడు వందల పౌండ్ల పైచిలుకు మనిషి, అడ్డంగా నిలబడి తోయడమే ఉద్యోగం. కాలేజీలో కొన్నాళ్ళు బంతి పట్టే చోట ఆడాడు, ఆ చేతులు మర్చిపోలేదు. 19 గజాల టచ్‌డౌన్. రయన్ ఒకప్పుడు ప్యాకర్స్ దగ్గరే ఆడినవాడు, వాళ్ళు వద్దని పంపించేశారు. మూడో నంబరు జెర్సీ సోఫా వెనకనుంచి ఎగిరి బయటికొచ్చింది. 16-7.

నాలుగో క్వార్టర్లో క్రాస్బీ 48 గజాలనుంచి ఇంకొకటి కొట్టాడు. 19-7. ఆటలో ఐదు నిమిషాలు మిగిలాయి. విల్సన్ మళ్ళీ విసిరాడు, మళ్ళీ ప్యాకర్స్ చేతికే చిక్కింది. అది అతని నాలుగో తప్పు. మోర్గాన్ బర్నెట్ అందుకున్నాడు. ముందంతా ఖాళీ, పరిగెత్తే చోటుంది. పక్కనే ఉన్న జూలియస్ పెప్పర్స్ చేతులతో సైగ చేశాడు, చాలు, పడుకో అని. ఆ రోజే ఆయన ముప్పై ఐదో పుట్టినరోజు. జట్టులో పెద్దమనిషి. బర్నెట్ మాట విని బంతిని కడుపులో దాచుకుని నేలమీద ఒదిగిపోయాడు. ప్యాకర్స్ బెంచీ మీద నవ్వులు. మా హాల్లో వదినగారు పళ్ళేలు తీసి వంటింట్లోకి నడిచారు.

ఆ తర్వాతి మూడు బంతులు నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతున్నాయి. బంతి పట్టుకుని పరిగెత్తే ఎడ్డీ లేసీకి ఇచ్చి గుంపులోకి తోశారు. వెనక్కి పోయాడు. మళ్ళీ లేసీ. మళ్ళీ వెనక్కి. మూడోసారీ లేసీయే, రెండు గజాలు వచ్చాయి. గడియారం తిరిగితే చాలు, మా టైమ్ ఔట్లు ఖర్చయితే చాలు అన్నదే లెక్క. క్వార్టర్‌బ్యాక్‌గా ఆరన్ రాడ్జర్స్ అంతటివాణ్ణి చేతిలో పెట్టుకుని ఒక్క పాస్ వెయ్యనివ్వలేదు. అతనికి పిక్క నొప్పి ఉన్నమాట నిజమే, అయినా సరే. పంట్ తన్నేశారు.

నాన్నగారు లేచి టీవీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. "బాక్ లైన్ తాకి వచ్చేస్తున్నారు" అన్నారు. ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కబడ్డీలో ముందంజలో ఉన్న జట్టు కూతకి వెళ్ళి, ఎవర్నీ ముట్టకుండా ఆ గీత దాటి, ఊపిరున్నంతసేపు కాలక్షేపం చేసి తిరిగొచ్చేస్తుంది. పాయింటు రాదు, మనిషీ పోడు. టైమ్ మాత్రం గడుస్తుంది.

2 నిమిషాల 9 సెకన్లు మిగిలి ఉండగా విల్సన్ స్వయంగా దూరి టచ్‌డౌన్ చేశాడు. 19-14. ఇక మిగిలింది ఆన్‌సైడ్ కిక్.

మామూలుగా టచ్‌డౌన్ చేసిన జట్టు బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి అప్పగించాలి. ఆన్‌సైడ్ కిక్ అంటే దగ్గరగానే తన్ని మళ్ళీ మనమే పట్టుకోవాలని చూడటం. బంతి పది గజాలు దాటాలి, లేదా అవతలివాళ్ళు ఎవరైనా ముట్టుకోవాలి. తన్నేవాడు బంతిని నేలకేసి కొడతాడు. ఆ కోలగా ఉన్న బంతి ఒకటి రెండు చిన్న దుముకులు దుమికి ఒక్కసారిగా నిలువునా గాల్లోకి లేస్తుంది. అందుకునే జట్టు దానికోసం వేరే మనుషుల్ని దించుతుంది. ముందు వరసవాళ్ళు మీదికొచ్చేవాళ్ళని అడ్డుకోవాలి. చేతులు నమ్మకమైనవాళ్ళు వెనక నిలబడి బంతి పట్టుకోవాలి. ప్యాకర్స్‌కి వెనక నిలబడ్డది జార్డీ నెల్సన్. ముందు నిలబడ్డది బ్రాండన్ బోస్టిక్, 86వ నంబరు. దక్షిణ కరోలినాలో న్యూబెరీ అనే చిన్న కాలేజీ నుంచి, జట్లు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోయినా కష్టపడి ఆ జట్టులో నిలబడ్డ కుర్రాడు.

స్టీవెన్ హౌష్కా తన్నాడు. బంతి లేచింది. సరిగ్గా బోస్టిక్ మీదికి.

ఆ రాత్రి అదే దృశ్యం ఎన్నిసార్లు తిప్పి తిప్పి వేశారో. అతను ఒక అడుగు ముందుకేస్తాడు, అడ్డుకోవడానికి. తల ఎత్తుతాడు. బంతి కనిపిస్తుంది. అడ్డుకోవాల్సిన చేతులు రెండూ పైకి లేస్తాయి. ఎగురుతాడు. బంతి చేతుల్లోకి వచ్చినట్టే వచ్చి, హెల్మెట్‌కి తగిలి, పైకి లేచి వెనక్కి పోతుంది. ఆ వెనక నెల్సన్ అందుకోడానికి తయారుగా ఉన్నాడు. కానీ ఆ బంతి ఇప్పుడు అతనికి రావాల్సిన దారిలో లేదు. క్రిస్ మాథ్యూస్ నేలమీద పడి దాన్ని గుండెకి అదుముకున్నాడు.

మా హాలు దద్దరిల్లిపోయింది. అన్నయ్య నన్ను ఎత్తేశాడు. నాలుగు బంతులకే మార్షాన్ లించ్ 24 గజాలు దూసుకుపోయి టచ్‌డౌన్. మీద తన్నే కిక్కుకి బదులు చేసే రెండు పాయింట్ల ప్రయత్నంలో విల్సన్ వెనక్కి వెనక్కి పరిగెత్తి, దిక్కు తోచక మైదానం ఈ చివరనుంచి ఆ చివరకి గాలిపటంలా ఎగరేశాడు. అదీ ల్యూక్ విల్సన్ చేతిలో పడింది. 22-19. ప్యాకర్స్ ఊరుకోలేదు. 14 సెకన్లుండగా క్రాస్బీ మళ్ళీ 48 గజాలనుంచి కొట్టి 22-22 చేశాడు. ఆ రోజు అతనికది ఐదో ఫీల్డ్ గోల్, ఒక్కటీ తప్పలేదు. అతనూ ఆ స్పెషల్ టీమ్స్ మనిషే. ఆ సంగతి తర్వాత ఎవరూ తలుచుకోలేదు.

ఓవర్‌టైమ్‌లో టాస్ మాది. మొదటి వంతులోనే విల్సన్ 35 గజాల పాస్ వేశాడు, జెర్మెయిన్ కర్స్ గోల్ గీత మీద పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం విల్సన్ పోగొట్టిన నాలుగు బంతులూ ఆ కర్స్ కోసం విసిరినవే. ఐదోది అందింది. 28-22. మొదటి వంతులోనే టచ్‌డౌన్ పడితే ఆట ముగిసినట్టే అన్న అప్పటి నిబంధన ప్రకారం రాడ్జర్స్‌కి బంతి ముట్టుకునే అవకాశమే రాలేదు. 2022లో ప్లేఆఫ్‌ల వరకు ఆ నిబంధన మార్చారు. విల్సన్ మైదానంలోనే ఏడ్చేశాడు. మా పదేళ్ళవాడూ ఏడ్చాడు.

నాన్నగారు మాత్రం సంబరంలో లేరు. "ఆ ఎనభయ్యారు నంబరు పిల్లాడేడి? చూపిస్తారేమో చూడు" అన్నారు.

చూపించారు. లాకర్ గదిలో మైకుల మధ్య నిలబడ్డాడు. తప్పించుకు వెళ్ళిపోలేదు. నా పని అడ్డుకోవడమే, జార్డీ పట్టుకోవాల్సిన బంతి అది, జట్టుని నేనే ముంచాను అన్న అర్థం వచ్చేలా, తల వంచుకుని, అడిగినవాళ్ళందరికీ చెప్పాడు. నేను నాన్నగారికి తెలుగులో చెబుతూ పోయాను.

"వాళ్ళ మాస్టారు ఎక్కడున్నాడు?" అన్నారు.

ఆ వారమంతా ఫోన్లో ఆ కుర్రాణ్ణి తిడుతూ వచ్చిన రాతలు చదివాను. చంపుతామని రాసినవాళ్ళున్నారు. కొద్ది రోజులకే ప్యాకర్స్ స్పెషల్ టీమ్స్ కోచ్ షాన్ స్లోకమ్‌ని తీసేశారు. ఫిబ్రవరిలో బోస్టిక్‌నీ పంపించేశారు. మెకార్తీ ఆ ఏడాది ఏ ఎత్తు వేయాలో ఆటగాళ్ళకి చెప్పే పని ఇంకొకరికి అప్పగించి, డిసెంబరులో మళ్ళీ తనే తీసుకున్నాడు. ఒక్క గజం దగ్గర రెండుసార్లు వదిలేసిన పాయింట్లు, పడుకోమన్న సైగ, లేసీతో మూడుసార్లు తోయించడం, ఇవేవీ ఎవరి పేరుకీ అంటుకోలేదు. అంటుకున్నది ఒక్క బోస్టిక్ పేరుకే.

ఫిబ్రవరి 1న సూపర్ బౌల్. అదే హాలు, అదే మనుషులు. ఆన్‌సైడ్ బంతి పట్టిన ఆ క్రిస్ మాథ్యూస్, అప్పటిదాకా లీగ్‌లో ఒక్క పాస్ కూడా పట్టని మనిషి, ఆ రోజు నాలుగు పట్టి 109 గజాలు, ఒక టచ్‌డౌన్ చేశాడు. చివర్లో గోల్ గీతకి ఒక్క గజం. మళ్ళీ ఆ ఒక్క గజమే. లించ్‌కి ఇస్తారనుకుంటే పాస్ వేయించారు. అవతలి జట్టు పేట్రియట్స్ కుర్రాడు మాల్కమ్ బట్లర్ మధ్యలో దూరి ఎత్తుకుపోయాడు. 28-24, ఓడిపోయాం. హాల్లో చీమ చిటుక్కుమంటే వినబడేటంత నిశ్శబ్దం.

ఆ తర్వాత మా కోచ్ పీట్ కారల్ వచ్చి, అది పూర్తిగా నా తప్పే అన్నాడు. నేను ఆ ముక్క తెలుగులో చెప్పాను. నాన్నగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇంటికి నడిచొస్తుంటే వాన మొదలైంది. గొడుగు నేను పట్టుకున్నాను. అప్పుడు చెప్పారు.

1986లో జోనల్ పోటీల ఫైనల్. మా ఊరి జట్టు పదినిమిషాలుండగా ఐదు పాయింట్ల ముందంజలో ఉంది. నాన్నగారు పిల్లల్ని పిలిచి, ఎవర్నీ ముట్టొద్దు, బాక్ లైన్ దాటి వచ్చేయండి చాలు అన్నారట. ఇప్పట్లా మూడో కూతలో పాయింటు తేకపోతే ఔట్ అనే నిబంధన అప్పుడు లేదు. పిల్లలు చెప్పినట్టే చేశారు. ముట్టొద్దన్నాక పిల్లల కాళ్ళలో చురుకు చచ్చిపోయింది. అవతలివాళ్ళు ఒక్కొక్కర్నే ఏరి, జట్టు మొత్తాన్ని ఔట్ చేసి లోనా వేసేశారు. స్కోరు సమమైంది. ఆఖరి కూతకి పదో తరగతి పిల్లాడొకడు వెళ్ళాడు. అందరిలోకీ చురుకైనవాడు. ఒక్కణ్ణి ముడితే చాలు. కార్నర్‌లో ఉన్నవాడి కోసం సాగి, ఇంకా ముట్టకముందే పక్క గీత అవతలి లాబీలో కాలు పెట్టేశాడు. విజిల్. ఔట్. అవతలివాళ్ళకి పాయింటు.

"ఊళ్ళో వాణ్ణి గీత తొక్కినోడు అని పిలిచేవాళ్ళు రా. పెళ్ళయ్యాక కూడా. ఆగమని చెప్పింది నేను. ఆ మాట నేను ఎక్కడా అనలేదు" అన్నారు.

ఇరవై ఎనిమిదేళ్ళు. నేను అదే ఇంట్లో పెరిగాను, ఆ కప్పు పోయిన కథ వందసార్లు విన్నాను, ఈ ముక్క ఎప్పుడూ వినలేదు.

అప్పట్నుంచి ఇలాంటి మ్యాచ్ ఏది చూసినా నా కళ్ళు బంతి జారినవాడి దగ్గర ఆగవు, వెనక్కి వెళ్తాయి. పాతవీ వెతుక్కుని చూశాను. 1999 జనవరిలో మిన్నెసోటా వైకింగ్స్ కిక్కర్ గ్యారీ ఆండర్సన్ ఆ సీజన్ మొత్తంలో మొదటిసారి ఒక ఫీల్డ్ గోల్ తప్పాడు. ఇరవై ఏళ్ళ పైన ఆ ఒక్క కిక్కే అతని పేరైంది. కానీ అట్లాంటా సమం చేశాక, చేతిలో సుమారు అర నిమిషం టైమూ లీగ్‌లోకెల్లా గొప్ప దాడీ ఉండి కూడా, మూడో అవకాశంలో మోకాలి మీద కూర్చోమన్నది కోచ్ డెన్నిస్ గ్రీన్. ఓవర్‌టైమ్‌లో 30-27తో ఓడారు. 2012 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో కుర్రాడు కైల్ విలియమ్స్ రెండు పంట్లు పోగొట్టాడు, జయంట్స్ 20-17 గెలిచింది. అతనికీ చావు బెదిరింపులు వచ్చాయి.

సాహసం చేసినా గెలుస్తామని నేననను. 2024 జనవరిలో డెట్రాయిట్ కోచ్ డాన్ క్యాంబెల్ ఫీల్డ్ గోల్ కొట్టగల దూరంలో రెండుసార్లు నాలుగో అవకాశానికి ఆడించాడు, రెండూ పోయాయి. సగం ఆటకి 24-7 మీద ఉన్న జట్టు 34-31తో ఓడింది. వీడియో కాల్‌లో నాన్నగారికి చెబితే ఒక్కటే అడిగారు, తర్వాత ఆ కోచ్ ఏమన్నాడని. నిర్ణయం నాదే, దానికి విచారించను అన్నాడని చెప్పాను. "అయితే పిల్లలు బతికారు" అన్నారు.

2015 మే నెలలో నాన్నగారు ఊరికి తిరిగెళ్ళారు. వెళ్ళిన వారానికే ఆ పిల్లాడి దగ్గరికి వెళ్ళారట. పిల్లాడంటే అప్పటికి నలభై నాలుగేళ్ళవాడు, పక్క ఊళ్ళో ఎరువుల కొట్టు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. సోడా తెప్పించాడు. నాన్నగారు సోడా ముట్టుకోకుండానే చెప్పేశారు, ఆ రోజు ఆట పాడుచేసింది నేను రా, నువ్వు కాదు అని.

అతను లేచి, గచ్చు మీద ఎరువుల బస్తాల వరసని సైడ్ లైన్ అనుకుని, దాని పక్కన నిలబడి చూపించాడట. "ఎడమ కాలు మాస్టారూ. కుడి కాలు లోపలే ఉంది. మడమ కూడా ఆనలేదు, వేళ్ళే ఆనాయి."

ఇద్దరూ అక్కడే నిలబడి, కార్నర్ ఎక్కడున్నాడో, ఎంత దూరముందో, కొట్టు కట్టేసే వేళ దాకా కొలుచుకున్నారట.